ఉత్సాహం కాదు, ఊకొట్టేవాడు కావాలి

"నెల రోజుల్లో నవలా? అది నవలా, నెలపద్దా?" ఈ ప్రశ్న ఈ మధ్య నాకు మూడు ఊళ్ళలో మూడు నోళ్ళ నుంచి వినవచ్చింది. అడిగినవాళ్ళు ముగ్గురూ చదువుకున్నవాళ్ళే, తెలుగు మీద అభిమానం ఉన్నవాళ్ళే. అందుకే జవాబు చెప్పక తప్పడం లేదు. ఎగతాళి చేసినవాడు పరాయివాడైతే ఊరుకోవచ్చు. మనవాడైతే ఊరుకుంటే తప్పు.

వాళ్ళ వాదమంతా రెండు మాటల్లో ఉంది. రచన లోపలి నుంచి పొంగాలి గాని గడువు పెట్టి పొంగించేది కాదన్నది ఒకటి. మొదటి వారం హుషారుగా మొదలుపెట్టి రెండో వారానికి కలం పారేసేవాళ్ళకు అసలు రాసే యోగ్యతే లేదన్నది రెండోది. ఈ రెండూ వినడానికి పెద్దరికంగా ఉంటాయి. ఈ రెండూ కలిసి దిబ్బూరహళ్ళి లాంటి ఊళ్ళలో ఎన్ని కథల్ని పుట్టకముందే చంపాయో లెక్క తీసేవాళ్ళు లేరు. నేను చెప్పదలచింది వాటికి ఎదురు. రాసేవాడి ఉత్సాహం వాడి గుండెలో పుట్టదు, ఎదురుగా కూర్చుని "ఊ" అనేవాడి నోట్లో పుడుతుంది. రెండో వారంలో మనవాళ్ళు ఆగిపోవడానికి కారణం సోమరితనం కాదు, మన తెలుగు తెలుగే కాదని మనకు నేర్పిన సిగ్గు.

ముందు ఈ నెల నవల సంగతి చెబుతాను. 1999 జులైలో అమెరికాలో, శాన్ ఫ్రాన్సిస్కో ప్రాంతంలో, క్రిస్ బేటీ అనే యువకుడూ అతని స్నేహితులూ మొత్తం 21 మంది కలిసి ఒక పందెం వేసుకున్నారు. నెల తిరిగేలోగా ఒక్కొక్కరూ 50,000 మాటల నవల రాయాలని పందెం. మరుసటి ఏడాది దాన్ని నవంబరుకు మార్చారు. ఆ నెలలో అక్కడ వాతావరణం బాగుండదు, ఇంట్లో కూర్చుని రాసుకోవచ్చునన్నది వాళ్ళ ఆలోచన. ముప్పై రోజులకు పంచితే రోజుకు 1,667 మాటలు. నానోరైమో అనే పేరుతో అది ఖండాలు దాటి, కొన్నేళ్ళకు లక్షల మంది పాల్గొనే నోము అయింది. సారా గ్రూయెన్ 'వాటర్ ఫర్ ఎలిఫెంట్స్', ఎరిన్ మోర్గెన్‌స్టర్న్ 'ది నైట్ సర్కస్' లాంటి పేరున్న నవలలు అక్కడ మొదటి చిత్తుగా మొదలైనవే. తర్వాత వాటిని నెలల తరబడి, ఏళ్ళ తరబడి దిద్దుకున్నారు. అంటే ఆ నెల ఇచ్చింది నవలను కాదు, దిద్దుకోవడానికి చేతిలో ఒక వస్తువును. లేని వస్తువును ఎవడూ దిద్దలేడు గదా!

ఆ సంస్థ ఇప్పుడు లేదు. డబ్బు ఇబ్బందులు, నిర్వహణ మీద ఫిర్యాదులు ముందునుంచీ ఉన్నాయి. 2024 సెప్టెంబరులో కృత్రిమ మేధతో రాయడాన్ని తప్పుపట్టేవాళ్ళనే తప్పుపడుతూ వాళ్ళు ఒక ప్రకటన చేశారు. పేరున్న రచయితలు కొందరు దూరం జరిగారు. 2025 మార్చి 31న మూతవేస్తున్నట్టు చెప్పేశారు. "చూశావా, అమెరికా సరదా ఇరవయ్యారేళ్ళకే ముగిసింది" అని ఎగతాళి చేసే పెద్దలకు ఇది మరో ఆయుధం. నాకు మాత్రం అందులో వేరే పాఠం కనిపిస్తున్నది. మాటల లెక్కే గెలుపు అని ఒకసారి ఒప్పుకున్నాక, ఆ లెక్కను మనిషికంటే యంత్రమే బాగా పూర్తిచేస్తుంది. యాభైవేల మాటలు యంత్రానికి కొద్ది నిమిషాల పని. కాబట్టి లెక్క కోసం రాసేవాడికి ఇక పని లేదు. చెప్పవలసింది ఉండి, చెప్పించుకునేవాడు ఎదురుగా ఉన్నవాడికి మాత్రం పని ఎప్పటికీ ఉంటుంది.

అయినా వాళ్ళ కొలత మనకెందుకు? "రాలేకపోతున్నాడంటున్నారు" అన్నది తెలుగులో ఒక్క మాట. ఇదే ఇంగ్లీషులో చెప్పాలంటే ఏడెనిమిది మాటలు కావాలి. వాళ్ళ యాభైవేలు మన యాభైవేలు ఒకటి కావు. తెలుగులో యాభైవేలు రాయబూనినవాడు వాళ్ళకంటే ఎంతో ఎక్కువ బరువు నెత్తికెత్తుకుని, పదో రోజున నడుం విరిగి కూలబడితే, దాన్ని వాడి చేతకానితనమంటారా? వీశెలతో తూచవలసినదాన్ని మైళ్ళతో కొలిచినవాడిదా తప్పు, మోసినవాడిదా?

నెలలో నవల అనగానే నవ్వే తెలుగు పెద్దలకు మన సాహిత్య చరిత్రనే గుర్తుచేస్తాను. విశ్వనాథ సత్యనారాయణ 'వేయిపడగలు' ఎన్నాళ్ళలో వచ్చింది? 1934లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు నవలల పోటీ పెట్టింది. గడువు ఉంది. విశ్వనాథ చెబుతూ పోయారు, తమ్ముడు వెంకటేశ్వర్లు రాస్తూ పోయారు. 29 రోజుల్లో ఆ మహా నవల కాగితం మీదికి వచ్చిందని చదువుకున్నవాళ్ళందరికీ తెలుసు. అడివి బాపిరాజు 'నారాయణరావు'తో కలిసి బహుమతి పంచుకుంది. తర్వాత పి.వి.నరసింహారావు దాన్ని 'సహస్రఫణ్' పేరుతో హిందీలోకి తీసుకుపోయారు. గడువుకు రాసింది రచనే కాదనేవాళ్ళు ముందు 'వేయిపడగలు'ను అటక మీద పెట్టి రావాలి.

రష్యాకు పోతే ఇలాంటిదే మరొకటి. 1865లో దొస్తాయెవ్‌స్కీ అప్పుల్లో మునిగి ఒక ప్రచురణకర్తతో ఘోరమైన ఒప్పందం చేసుకున్నాడు. 1866 నవంబరు ఒకటిలోగా కొత్త నవల ఇవ్వకపోతే తొమ్మిదేళ్ళపాటు అతని రచనలన్నీ ఆ వ్యాపారి ఉచితంగా అచ్చువేసుకోవచ్చు. అక్టోబరు మొదలయ్యేదాకా ఒక్క పుట లేదు. అప్పుడు అన్నా అనే ఇరవయ్యేళ్ళ పిల్లను సంక్షిప్తలేఖనం కోసం పెట్టుకున్నాడు. అతను చెప్పాడు, ఆమె రాసింది. 26 రోజుల్లో 'జూదరి' నవల పూర్తయింది. మరుసటి ఏడాది ఆమెనే పెళ్ళాడాడు.

ఈ రెండు సంగతులూ పక్కపక్కన పెట్టి చూడండి. "వాళ్ళు మహానుభావులు, మీరెవరు?" అంటారు. నిజమే, వాళ్ళంత ప్రతిభ మనకు లేదు. కాని ప్రతిభ కాక వాళ్ళకు ఇంకేమున్నాయి? గడువు ఉంది. ఏళ్ళ తరబడి మనసులో నలిగిన కథ ఉంది. అన్నిటికంటే ముఖ్యంగా, ఇద్దరూ ఆ నవలలను చేత్తో రాయలేదు, నోటితో చెప్పారు. ఎదురుగా ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. రేపు ఏం చెబుతారా అని కాగితం ముందు పెట్టుకుని చూసే మనిషి. ఆ మనిషి ముందు "ఇవాళ నాకు మనసు రాలేదు" అని ఎన్నాళ్ళు అనగలరు?

మన తాతలకు ఇది కొత్త సంగతి కాదు. కథ చెప్పేవాడికి ఊకొట్టేవాడు ఉండాలన్నది మన ఇళ్ళలో పిల్లలకు కూడా తెలిసిన న్యాయం. ఊకొట్టడం మానేస్తే అవ్వ కథ ఆపేస్తుంది, "నిద్రపోయినావా?" అంటుంది. బుర్రకథలో కథకుడొక్కడే నిలబడడు, అటొక వంత ఇటొక వంత ఉంటారు. ఒకడు ప్రశ్న వేస్తాడు, ఒకడు నవ్విస్తాడు, ఇద్దరూ తందాన అంటారు. రాత్రంతా కథ నడవాలంటే కథకుడి ఊపిరి ఒక్కటే చాలదని ఆ కళను కట్టినవాళ్ళకు తెలుసు. నవల మాత్రం ఒంటిగా, తలుపు మూసుకుని, ప్రేరణ కోసం కిటికీలోంచి ఆకాశం చూస్తూ రాయాలని మనకు ఎవరు చెప్పారు?

ఇప్పుడు మా ఊరికి వస్తాను. దిబ్బూరహళ్ళి శిడ్లఘట్ట తాలూకాలో ఉంది. చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి మాకు చుట్టూ ఉన్న ఊళ్ళు. ఊరిపేరు చివర హళ్ళి ఉన్నా ఇళ్ళలో వినిపించేది ఎక్కువగా తెలుగే. బడి కన్నడం. ఆఫీసు కన్నడం. బస్సు బోర్డు కన్నడం. కన్నడంతో మాకు పేచీ లేదు. అది మాకు చదువు చెప్పి అన్నం పెట్టిన భాష. పేచీ ఉన్నది మా నోటికీ మా చేతికీ మధ్య. నోరు తెలుగు, చెయ్యి కన్నడం. 2011 జనగణనలో కర్ణాటకలో తెలుగు మాతృభాష అని చెప్పినవాళ్ళు 35 లక్షలకు పైనే. వాళ్ళలో తెలుగులో కలలు కనేవాళ్ళు ఎందరో, తెలుగులో ఒక ఉత్తరం ముక్క రాయగలిగినవాళ్ళు ఎందరో మీరే ఊహించండి. హోసూరులో, బళ్ళారిలో, ఇంకా దూరాన ఉండి ఈ పత్రిక చదివే మిత్రులకు ఈ అవస్థ నేను వివరించనక్కర లేదు.

2024 డిసెంబరు మధ్యలో ధనుర్మాసం పట్టినప్పుడు మేము నలుగురం నెల నవల మొదలుపెట్టాము. ఆ నెలే ఎందుకంటే, రాగి కోతలు అయిపోయి ఉంటాయి, పెళ్ళిళ్ళు ఉండవు, చలికి జనం తెల్లవారుజామునే లేచి ఉంటారు. అమెరికావాళ్ళు తమ వాతావరణం చూసి నెల ఎంచుకున్నట్టే మేము మాది చూసుకున్నాము. నెలరోజుల నియమం మనవాళ్ళకు చేతకాదనేవాళ్ళు ధనుర్మాసంలో గుడి ముందు నిలబడి చూడాలి, రంజానులో మసీదు ముందు నిలబడి చూడాలి. ఊరంతా చేస్తుంటే ముప్పై రోజులు ఎవరికీ బరువు కావు. ఒంటిగా చేస్తేనే మూడో రోజుకు నీరసం.

నలుగురిలో ఒకరు పురుగులు మేపే ఇంటి అక్క, అక్షరాలు కన్నడంలో మాత్రమే వచ్చు. ఒకతను ఆటో నడిపే తమ్ముడు. ఒకమ్మాయి డిగ్రీ చదువుతున్నది, తెలుగు లిపి సొంతంగా నేర్చుకుంది. నాలుగోవాణ్ణి నేను. రోజుకు నోటుపుస్తకంలో రెండు పుటలు, నెలకు అరవై. మా కొలత అంతే. డాక్టర్ కేశవరెడ్డి 'అతడు అడవిని జయించాడు' చదివినవాళ్ళకు నవల గొప్పతనం బరువులో లేదని తెలుసు. ఒక ముసలివాడు, ఒక సుక్కపంది, ఒక రాత్రి, ఒక అడవి. అంతలోనే లోకమంతా పట్టింది.

ఎక్కడ ఆగిపోయామో చెబుతాను. పదకొండో రోజున డిగ్రీ అమ్మాయి ఆగింది. అప్పటికి అందరికంటే ముందున్నది ఆ పిల్లే. పట్నం నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి, పేరు అనవసరం, ఆ పుటలు చూసి "కథ బాగుందమ్మా, కాని ఇది తెలుగు కాదు" అన్నాడట. గనిమ అని ఎందుకు రాశావు, గట్టు అనాలి. పితికిపప్పు అంటే ఎవరికి తెలుస్తుంది? "ఉండాది" ఏమిటి, "ఉన్నది" అనాలి. ఆ రాత్రి నుంచి ఆ పిల్ల కొత్త వాక్యం రాయడం మానేసి పాత వాక్యాలు దిద్దడం మొదలుపెట్టింది. పన్నెండో రోజు దిద్దింది, పదమూడో రోజు దిద్దింది, పద్నాలుగో రోజు పుస్తకం మూసేసింది. దీన్నే మీరు "ఉత్సాహం చల్లారింది" అంటారు. చల్లారలేదు, చల్లార్చారు. నీళ్ళు పోసినవాడు నిప్పుకు ఓపిక లేదంటే ఎట్లా?

నామిని చిత్తూరు జిల్లా పల్లె మాటల్లో రాస్తే తెలుగు లోకం నెత్తిన పెట్టుకుంది గదా, ఆ మాటలకూ మా మాటలకూ మధ్య ఉన్నది ఒక రాష్ట్రం గీత మాత్రమే. గీతకు అటువైపు మాట్లాడితే యాస, ఇటువైపు మాట్లాడితే తప్పా? మా చింతామణి తాలూకాలోనే కైవారం ఉంది. గాజులమ్మిన నారేయణ తాతయ్య పద్యాలూ తత్వాలూ తెలుగులో చెప్పింది అక్కడే. ఆయన ఎవరి దగ్గరికీ పోయి ఇది తెలుగేనా అని అడిగి రాలేదు. అడిగి ఉంటే ఈనాడు ఊరూరా భజనల్లో పాడుకోవడానికి మనకేమీ మిగిలేది కాదు.

ఇక అక్క సంగతి. ఆమె తెలుగు రాయలేదు కాబట్టి సాయంత్రం ఆకు వేసి వచ్చి కొడుకును కూర్చోబెట్టుకుని చెప్పేది. వాడు హైస్కూలు పిల్లవాడు. కన్నడ లిపిలో తెలుగు రాసేవాడు. వాడే ఊకొట్టేవాడు, వాడే లేఖకుడు. "అట్లనా? మళ్ళా ఏమాయె?" అని వాడు అడిగినప్పుడల్లా కథ ఒక అడుగు ముందుకు పోయేది. వాళ్ళ తాత తవ్విన బాయి, తండ్రి కాలానికి అది ఎండిపోవడం, ఆ తర్వాత బోరు, బోరు వెనక బోరు, వెయ్యి అడుగులు దాటినా దుమ్మే రావడం, చివరికి తమ్ముడు బెంగళూరు బస్సెక్కడం. మూడు తరాల నీళ్ళ కథ. ఇరవయ్యారో రోజుకే ముగించింది. నలుగురిలో మొదట ముగించింది ఆమె. అక్షరం రానివాళ్ళు రాయలేరని, యోగ్యత లేదని చెప్పే పెద్దలు ఈ ఒక్క సంగతికి జవాబు చెప్పాలి. ఆమెకు తెలుగు అక్షరం రాకపోవడమే మేలయింది. అక్షరం వచ్చినవాళ్ళకు పట్టే దిద్దుడు జబ్బు ఆమెకు పట్టలేదు.

ఆమె నోటి నుంచే నేను మరొకటి నేర్చుకున్నాను. పదహారో రోజున ఆటో తమ్ముడికి కథ ముందుకు పోలేదు. రెండు రోజులుగా ఏమీ రాయలేదని తల పట్టుకున్నాడు. అప్పుడు ఆమె అంది: "జ్వరానికి కూర్చునింది లే. నువ్వు ఊరికే ఉండు. లేస్తాది."

రేష్మె పని తెలియని దూరపు మిత్రుల కోసం చెబుతాను. పురుగు గుడ్డులోంచి వచ్చి గూడు కట్టేదాకా ఇంచుమించు ఒక నెల. ఈ నెలలో నాలుగుసార్లు చర్మం విడుస్తుంది. ఆ నాలుగు సందర్భాలనూ మా వైపు జ్వరం అంటారు. జ్వరానికి కూర్చున్న పురుగు తల పైకెత్తి, కదలక మెదలక, సుమారు ఒక రోజు ఉంటుంది. ఆకు ముట్టదు. తెలియనివాడు చూస్తే చచ్చిందనుకుంటాడు. తెలిసినవాడు ఆ రోజు ఆకు వేయడు, కదిలించడు, తట్ట తడి లేకుండా చూసుకుంటాడు, సున్నం చల్లుతాడు. పురుగులు చర్మం విడిచి లేచాక మళ్ళీ ఆకు. తొందరపడి ముందే ఆకు వేసినా నష్టమే, లేచాక వేయకపోయినా నష్టమే. ఇక చివరి విడత వారం రోజులు ఉంది చూశారూ, పురుగు మొత్తం తినే ఆకులో నూటికి ఎనభై పాళ్ళకు పైగా ఆ ఒక్క వారంలోనే తింటుంది. ఇంటిల్లిపాదికీ నిద్ర ఉండదు. మొదటి మూడు వారాల్లో అలసిపోయామని ఆ వారంలో చేతులెత్తేస్తే శిడ్లఘట్ట మార్కెట్టుకు తీసుకుపోవడానికి గూళ్ళే ఉండవు.

నెల నవలకు ఇంతకంటే మంచి శాస్త్రం నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు. కథ ఆగే రోజులు ఉంటాయి. నెలలో మూడు నాలుగు ఉంటాయి. ఆ రోజు నవల చచ్చిందని ఏడవనక్కర లేదు, బలవంతాన పుటలు నింపనక్కర లేదు. అయితే జ్వరం ఒక రోజే, నాలుగు రోజులు కాదు. మరునాడు ఎవరో ఒకరు వచ్చి "లేచిందా?" అని అడగాలి. ఆటో తమ్ముడిని నేను అడిగాను. నాకు అతను ఊకొట్టాడు, అతనికి నేను. సాయంత్రం స్టాండులో ఆటో ఆపుకుని, ఆరోజు రాసిన రెండు పుటలూ చదివేవాడు. "ఆ కండక్టరు ఎందుకు అబద్ధం చెప్పినాడు?" అని నేనడిగితే "రేపు చెప్తా" అనేవాడు. ఆ "రేపు చెప్తా" అన్న మాటే మరునాటి రెండు పుటలు. ముప్పై రోజులకు ఐదు రోజులు ఎక్కువ పట్టింది అతనికి. ముగించాడు. ఐదు రోజులు ఆలస్యమైందని ఏ చట్టం కింద శిక్షిస్తారో పెద్దలే చెప్పాలి.

పురుగులు మేపే ఇంట్లో ఎవరూ "ఇవాళ ఆకు వేయడానికి మనసు వచ్చిందా?" అని అడగరు. వేళకు ఆకు పడాలి, పడుతుంది. వేసేవాడికి ఆ వేళ విసుగు ఉండవచ్చు, నిద్ర ఉండవచ్చు. పట్టు దారంలో ఆ విసుగు కనిపించదు. వాక్యంలో కూడా కనిపించదు. తొమ్మిదో రోజున హుషారుగా రాసిన పుటా, పద్దెనిమిదో రోజున ఏడుస్తూ రాసిన పుటా పక్కపక్కన పెట్టి, ఏది ఏదో చెప్పమని నేను ఎవరితోనైనా పందెం కాస్తాను.

"ఇంత తొందరగా రాసింది చెత్త కాదా?" అంటారు. అందులో చెత్త చాలానే ఉంటుంది. మొదటి చిత్తును అచ్చుకు పంపమని నేను ఎవరికీ చెప్పడం లేదు. మొదటి నెల చెప్పడానికి, ఆపై నెలలు దిద్దడానికి. ఈ రెండు పనుల్ని ఒకేరోజు ఒకే మనిషి మీద వేయడమే మనవాళ్ళ నడుం విరుస్తున్నది. ఆ డిగ్రీ అమ్మాయి మాటల్ని గురించి పట్నపు పెద్దమనిషి అడగవలసినవి రెండు మూడు ఉన్నాయేమో, కాదనను. అడగవలసిన రోజు పదకొండోది మాత్రం కాదు.

"కన్నడ లిపిలో తెలుగా? కల్తీ!" అంటారు. రెండు లిపులూ ఒకే పాత లిపి నుంచి విడివడిన అక్కచెల్లెళ్ళు. కన్నడ అక్షరం తెలుగు మాటను చేరవేయలేని చోటు దాదాపు లేదు. చాపలోని చకారం కన్నడంలో తేడాగా చూపించలేమంటారా, మన తెలుగు పత్రికలు మాత్రం చూపిస్తున్నాయా? లిపిని తర్వాత మార్చుకోవచ్చు, రోజుకు పది పుటలు మార్చే పిల్లలు దొరుకుతారు. చెప్పేవాళ్ళు పోయాక చెప్పించడానికి మాత్రం ఎవరూ దొరకరు. తెలుగు లిపి నేర్చుకోవద్దని నేననడం లేదు. అది వచ్చేదాకా కథను కట్టేసి ఉంచవద్దంటున్నాను.

"ఎవరు చదువుతారు?" అన్నది ఆఖరి బాణం, అన్నిటికంటే లోతుగా దిగేది. హైదరాబాదులో, విజయవాడలో రాసేవాడికి ఎక్కడో పాఠకుడు ఉన్నాడన్న భరోసా గాలిలో ఉంటుంది. మాకు అది లేదు. అందుకే మేము పాఠకుడి కోసం రాసేముందు వినేవాణ్ణి వెతుక్కోవాలి. వినేవాడు ఇంట్లోనే ఉన్నాడు. అక్క కొడుకు ఇంతకుముందు తల్లి మాటలను పుస్తకంలో పెట్టదగినవని ఎన్నడూ అనుకోలేదు. నెల ముగిసేసరికి వాడికి వాళ్ళ తాత బాయి లోతు తెలిసింది, గనిమ అన్న మాట తెలిసింది, తల్లి ఇంత కథ మోస్తున్నదని తెలిసింది. ఆ నవల అచ్చవుతుందో లేదో. ఒక తెలుగు పాఠకుడు మాత్రం తయారయ్యాడు. తెలుగు బడి లేని ఊళ్ళో ఒక నెలలో ఒక పాఠకుణ్ణి తయారుచేసిన పని ఇంకేదైనా ఉంటే చూపించండి, నేను నవల వదిలి ఆ పనిలోకే వస్తాను.

కాబట్టి దూరదూరాల ఊళ్ళలో ఉన్న మిత్రులకు నా మాట ఒక్కటే. ప్రేరణ మీద ఉపన్యాసాలు వినడం మానండి. మీ ఊరి పనులు చూసుకుని మీకు వీలైన నెలను ఎంచుకోండి. రోజుకు రెండు పుటలు పెట్టుకోండి. ఏ లిపి వస్తే ఆ లిపి, ఏ మాట వస్తే ఆ మాట. దిద్దేవాణ్ణి ముప్పై రోజులు గుమ్మం బయట ఉంచండి, మర్యాదగానే ఉంచండి, ముప్పయ్యొకటో రోజున తప్పకుండా పిలవండి. అన్నిటికంటే ముందు ఒక మనిషిని చూసుకోండి. చదువుకున్నవాడే కానక్కర లేదు, విమర్శకుడైతే అసలే వద్దు. సాయంత్రం వేళకు వచ్చి కూర్చుని, "మళ్ళా ఏమాయె?" అని అడిగేవాడైతే చాలు.

రాయడం మీవల్ల కాదనుకుంటే మీరే ఆ మనిషి కండి. మీ ఇంట్లో, మీ వీధిలో, నోటినిండా తెలుగు పెట్టుకుని చెప్పించుకునేవాడు లేక ఊరికే ఉన్న ముసలివాళ్ళు ఉన్నారు. వాళ్ళ దగ్గరికి పోయి కూర్చోండి. మా ఊళ్ళో డిగ్రీ అమ్మాయి పుస్తకం ఇంకా మూసే ఉంది. వచ్చే ధనుర్మాసం దాకా ఆగడం ఎందుకని అక్క కొడుకు నిన్ననే ఆ ఇంటికి పోయి, పద్నాలుగో రోజు తర్వాత ఏమాయెనో చెప్పమని అడిగి వచ్చాడు.